పల్సులు పుట్టించేది ఎవరు?

సొంతంగా చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్ ఆదేశాలతో కోసే) రౌటర్‌నో మిల్లునో సమకూర్చుకునేవారు ఫ్రేము, మోటార్లు, కట్టర్‌ను తిప్పే స్పిండిల్ గురించి ఎంతో ఆలోచిస్తారు. అవన్నీ తేలాక మిగిలే ప్రశ్న మాత్రం దాదాపు అందరిదీ ఒకటే: దీన్ని నడపడానికి ఎలాంటి కంప్యూటర్ కావాలి? ఎంత ర్యామ్ ఉండాలి, ఏ తరం ప్రాసెసర్ సరిపోతుంది, విండోస్ మేలా లినక్స్ మేలా అని అడుగుతారు. నా దృష్టిలో ఇవన్నీ తర్వాతి ప్రశ్నలు. మోటార్లను ఒక్కో అడుగు కదిపే విద్యుత్ పల్సులను పుట్టించేది ఎవరు అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ పని కంప్యూటరే చేస్తుందా, మధ్యలో ఉన్న చిన్న బోర్డు చేస్తుందా అన్నదాన్ని బట్టి ఏ కంప్యూటర్ కొనాలి, దాన్ని ఎలా అమర్చాలి, పని చెడినప్పుడు లోపం ఎక్కడ వెతకాలి అన్న మూడింటికీ జవాబులు మారిపోతాయి. ఇది తేల్చుకోకుండా కొత్త కంప్యూటర్ల మీద పెట్టే ఖర్చు, పాతవాటిలో సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి పడే శ్రమ చాలావరకు వృథా అవుతాయని నా వాదన.

అభిరుచి కొద్దీ కట్టుకునే యంత్రాల్లో ఎక్కువగా ఉండేవి స్టెప్పర్ మోటార్లు. సాధారణ స్టెప్పర్ ఒక చుట్టుకు 200 స్టెప్పులు వేస్తుంది. మోటారుకు కరెంటు అందించే డ్రైవర్ బోర్డులో, ఒక్కో స్టెప్పును ముక్కలు చేసే మైక్రోస్టెప్పింగ్‌ను 16కు పెడితే చుట్టుకు 3,200 పల్సులు కావాలి. చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపే బాల్ స్క్రూ దానికి తగిలిస్తే మిల్లీమీటరుకు 640 పల్సులు. నిమిషానికి 3,000 మిల్లీమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 50 మిల్లీమీటర్ల చొప్పున యంత్రం కదలాలంటే ఆ ఒక్క అక్షానికే సెకనుకు 32,000 పల్సులు పంపాలి. పల్సుకూ పల్సుకూ మధ్య వ్యవధి 31 మైక్రోసెకన్లు మాత్రమే. ఇంత తక్కువ వ్యవధిలో పల్సు పంపడం నేటి ప్రాసెసర్‌కు లెక్కలోకి రాని పని. కష్టమల్లా ప్రతి పల్సునూ దాని వేళకే, ముందూ వెనకా కాకుండా పంపడంలో ఉంది.

మామూలు ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఈ నియమం లేదు. అది పదిమంది పనులు కలిపి చూసుకోవాలి కాబట్టి ఒకరి పనిని కాసేపు పక్కన పెట్టి ఇంకొకరి పని చూస్తుంది. టైపు చేసిన అక్షరం తెరమీదకు 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తే మనకు తెలియను కూడా తెలియదు. సెకనుకు 50 మిల్లీమీటర్ల వేగంతో వెళ్లే కట్టర్ విషయంలో ఆ 5 మిల్లీసెకన్లు పావు మిల్లీమీటరు దూరం. అంతసేపు పల్సులు ఆగిపోయి, వెనకబడిన దూరాన్ని అందుకోవడానికి ఒక్కసారిగా గుంపుగా వస్తే, వేగంగా తిరుగుతున్న స్టెప్పర్‌కు దాన్ని తట్టుకునేంత టార్క్ (తిప్పే బలం) మిగిలి ఉండదు. వేగం పెరిగేకొద్దీ స్టెప్పర్ టార్క్ తగ్గుతుందని తెలిసిందే. మోటారు గీమని అరిచి నిలిచిపోతుంది, లేదా కొన్ని స్టెప్పులు తప్పి మళ్లీ పట్టుకుంటుంది. తిరుగుడును కొలిచి చెప్పే ఎన్‌కోడర్ లేని యంత్రానికి ఆ సంగతి తెలిసే మార్గం లేదు. తెరమీద అంకెలు సవ్యంగానే ఉంటాయి. చెక్కుతున్న వస్తువు మాత్రం అక్కడి నుంచి చివరిదాకా పక్కకు జరిగిపోయి ఉంటుంది.

పల్సులు పుట్టించే బాధ్యతను అప్పగించడానికి మూడు పద్ధతులున్నాయి. కంప్యూటరే ప్యారలల్ పోర్టు ద్వారా నేరుగా పంపడం పాత పద్ధతి. కదలికల ఆదేశాలు వరుసలుగా రాసిన జీ-కోడ్‌ను ఒక మైక్రోకంట్రోలర్ బోర్డుకు అందించి, లెక్కలూ పల్సులూ రెండూ దానికే వదిలేయడం జీఆర్‌బీఎల్ అనే నియంత్రణ ప్రోగ్రాం కుటుంబం పద్ధతి. కదలిక లెక్కను కంప్యూటర్ చేసి, ప్రతి మిల్లీసెకనుకూ ఒకసారి ఎఫ్‌పీజీఏ (పనికి తగ్గట్టు సర్క్యూట్‌ను అమర్చుకోగల చిప్పు) ఉన్న కార్డుకు ఆదేశమిస్తే పల్సులను ఆ కార్డు పుట్టించడం మూడోది. లినక్స్‌సీఎన్‌సీ అనే నియంత్రణ ప్రోగ్రాంతో మెసా కార్డులు వాడేవారిది ఈ దారి.

మొదటి పద్ధతి మీద చాలామందికి ఉన్న మమకారం నాకు అర్థమవుతుంది. మూలనపడిన డెస్క్‌టాప్‌కు ఒక పని దొరుకుతుంది, పోర్టు పిన్నులను విడి తీగలకు కలిపే బ్రేకౌట్ బోర్డు చవక, పాతికపిన్నుల పోర్టులో ఏ పిన్ను ఏం చేస్తుందో కాగితం మీద గీసుకోవచ్చు. మాక్3 అనే విండోస్ ప్రోగ్రాం ఇలాగే ఒక తరం అభిరుచికారులను తయారుచేసింది. అయితే దాని ప్యారలల్ పోర్టు డ్రైవర్ 32 బిట్ల విండోస్ మీదే పనిచేస్తుంది, 64 బిట్ల విండోస్ మీద పనిచేయదు. కాబట్టి ఈ రోజు ఆ దారి పట్టినవారు తమ యంత్రాన్ని తయారీదారు వదిలేసిన ఆపరేటింగ్ సిస్టమ్‌కూ, ఇకమీదట దొరకని మదర్‌బోర్డుకూ కట్టేసినట్టే. ఆ బోర్డు కెపాసిటర్లు ఉబ్బిన నాడు మళ్లీ మొదటికి రావాలి.

లినక్స్‌సీఎన్‌సీ సంగతి వేరు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో 1990లలో మొదలైన ఎన్‌హాన్స్‌డ్ మెషిన్ కంట్రోలర్ దాని మూలం. ప్రతి పనినీ దాని వేళకే చేసే రియల్‌టైమ్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) మీద నడవడం దాని ప్రాణం. ఆ రియల్‌టైమ్ సౌకర్యాన్ని చాలాకాలం విడి ప్యాచ్‌గా కలుపుకోవలసి వచ్చేది. 2024లో వచ్చిన 6.12 కెర్నెల్‌తో అది ప్రధాన లినక్స్‌లోనే చేరింది. అలాగని ఏ కంప్యూటర్ అయినా పనికొస్తుందని కాదు. పనికొస్తుందో లేదో చెప్పేది లేటెన్సీ టెస్ట్. ఒక చిన్న కిటికీలో రెండు వరుసల అంకెలు కనిపిస్తాయి. మిల్లీసెకనుకోసారి కదలిక లెక్క చూసే సర్వో థ్రెడ్ ఒకటి, పల్సులు పుట్టించే బేస్ థ్రెడ్ ఇంకొకటి. అందులో మనం చూడవలసింది గరిష్ఠ జిట్టర్, అంటే పని దాని వేళకు ఎంత అటూ ఇటూ అయిందో చెప్పే గడి. అంకెలు నానోసెకన్లలో ఉంటాయి కాబట్టి మొదటిసారి చూసినవారు 18,000 అన్న సంఖ్య చూసి కంగారు పడతారు. అది 18 మైక్రోసెకన్లు, చక్కని ఫలితం. లినక్స్‌సీఎన్‌సీ పత్రాల ప్రకారం 15 నుంచి 20 మైక్రోసెకన్ల లోపు ఉంటే ప్యారలల్ పోర్టుతో హాయిగా నడపవచ్చు. 30 నుంచి 50 దాకా ఉంటే నడుస్తుంది గాని గరిష్ఠ వేగం నిరాశపరుస్తుంది. 100 దాటితే ఆ కంప్యూటర్‌తో నేరుగా పల్సులు పంపే ఆలోచన మానుకోవాలి. మిల్లీసెకను దాటితే లినక్స్‌సీఎన్‌సీకే అది పనికిరాదు.

ఈ పరీక్షను రెండు నిమిషాలు ఊరికే నడిపి తృప్తిపడితే ప్రయోజనం లేదు. పరీక్ష నడుస్తుండగా కిటికీలను తెరమీద అటూ ఇటూ లాగాలి, పెద్ద ఫైలును కాపీ చేయాలి, వీడియో పెట్టాలి, గ్రాఫిక్స్ డెమోలు రెండు మూడు ఒకేసారి తెరవాలి, చాలాసేపు అలాగే వదిలేయాలి. గంటసేపు 12,000 దగ్గర నిలకడగా ఉన్న అంకె ఎవరూ ముట్టుకోకుండానే హఠాత్తుగా 2,00,000కు ఎగబాకడం ఈ కిటికీలో చూడవచ్చు. అలాంటప్పుడు అనుమానించవలసినవాటిలో మొదటిది సిస్టమ్ మేనేజ్‌మెంట్ ఇంటరప్ట్. ఫ్యాను వేగాన్నో ఉష్ణోగ్రతనో సరిచూడటానికి బయాస్ స్థాయిలో ఉన్న ఫర్మ్‌వేర్ ప్రాసెసర్‌ను కాసేపు తన చేతిలోకి తీసుకుంటుంది. ఆ సంగతి ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియదు, కెర్నెల్ ఎంత రియల్‌టైమ్‌దైనా ఆపలేదు. అందుకే బయాస్‌లోకి వెళ్లి హైపర్‌థ్రెడింగ్, సీ-స్టేట్లు (ప్రాసెసర్ కునికే స్థితులు), ప్రాసెసర్ వేగాన్ని తగ్గించీ పెంచీ చేసే సదుపాయాలు, టర్బో అన్నీ ఆపేసి మళ్లీ పరీక్షించాలి. ఐసోల్‌సీపీయూస్ అనే కెర్నెల్ పరామితితో ఒక కోర్‌ను రియల్‌టైమ్ పనికే కేటాయిస్తే చాలా మదర్‌బోర్డుల్లో గణనీయమైన మెరుగు కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లు ఈ పరీక్షలో సాధారణంగా ఓడిపోతాయి. బ్యాటరీని ఆదా చేయడం కోసం పుట్టిన యంత్రం ప్రతి క్షణం ఏదో ఒకటి ఆపుతూ, లేపుతూ ఉంటుంది. వాటిలో చాలావాటిని ఆపేసే వీలే బయాస్‌లో ఇవ్వరు.

ప్యారలల్ పోర్టు గురించి ఇంకో రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ప్రింటర్ కోసం అమ్మే యూఎస్‌బీ-ప్యారలల్ కేబుల్ ఈ పనికి అసలు రాదు, అది పోర్టు కాదు, ప్రింటర్‌తో మాట్లాడే మధ్యవర్తి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు పెట్టుకుంటే దాని చిరునామా పాతకాలపు 378 కాదు. వేరే ఉంటుంది, వెతికి కాన్ఫిగరేషన్‌లో రాసుకోవాలి. కొన్ని కార్డులు 5 వోల్టులకు బదులు 3.3 వోల్టులే ఇస్తాయి, దానితో డ్రైవర్ లోపల సంకేతాన్ని వెలుగుతో దాటించే ఆప్టోకప్లర్ సగం వెలిగీ వెలగకా ఉండి, అప్పుడప్పుడు పల్సులు మింగేస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే నిమిషంలో తేలే ఈ లోపాన్ని సాఫ్ట్‌వేర్‌లో వెతికేవారిని చూస్తే జాలేస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేది రెండో పద్ధతి. జీఆర్‌బీఎల్‌ను 2009లో సిమెన్ స్వాలె స్కోగ్‌స్రూడ్ మొదలుపెట్టారు. దాని ప్రసిద్ధ రూపం 16 మెగాహెర్ట్జ్‌ల ఏటీమెగా 328పీ చిప్పు మీద, అంటే ఆర్డ్యూయినో ఊనో మీద నడుస్తుంది. గిగాహెర్ట్జ్‌ల్లో నడిచే బహుళ కోర్ల ప్రాసెసర్ చేయలేని పనిని ఇంత చిన్న చిప్పు చేయగలగడానికి కారణం దానికి వేరే పని లేకపోవడమే. తాళం వేసేవాడికి చేతివేగం కంటే లయ ముఖ్యమైనట్టు, ఇక్కడ కావలసింది కూడా అదే. పల్సుల బాధ్యత బోర్డుది అయ్యాక కంప్యూటర్ పని బోర్డులోని 128 బైట్ల బఫర్ ఖాళీ కాకుండా జీ-కోడ్ వరుసలు అందిస్తూ ఉండటం వరకే. పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ అయినా, చేతిలో పట్టేంత చిన్న సింగిల్ బోర్డు కంప్యూటర్ అయినా దానికి చాలు.

అయితే చిప్పుకూ హద్దులున్నాయి, ఆ హద్దులు తగిలినప్పుడు చాలామంది నింద కంప్యూటర్ మీద వేస్తారు. ఊనో మీద జీఆర్‌బీఎల్ గరిష్ఠంగా సెకనుకు సుమారు 30,000 పల్సులు పుట్టించగలదు. పైన వేసిన లెక్క ప్రకారం మిల్లీమీటరుకు 640 పల్సులు అవసరమైన యంత్రం నిమిషానికి 3,000 మిల్లీమీటర్లు వెళ్లాలంటే 32,000 కావాలి. అంటే సెట్టింగ్‌లో ఆ వేగం రాసుకోవచ్చు గాని చిప్పు దాన్ని అందుకోలేదు. పరిష్కారం డ్రైవర్ మీద ఉన్న చిన్న డిప్ స్విచ్చులో ఉంది. మైక్రోస్టెప్పింగ్‌ను 16 నుంచి 8కి తగ్గించి, మిల్లీమీటరుకు పల్సుల సంఖ్య రాసే $100, $101, $102 సెట్టింగులను 320కి మారిస్తే అదే వేగానికి 16,000 పల్సులు సరిపోతాయి. ఖచ్చితత్వం సగమైపోతుందని భయపడనక్కర్లేదు. మైక్రోస్టెప్పింగ్ పెంచేది నునుపును. ఒక్కో మైక్రోస్టెప్పుకు మోటారు చూపే బలం చాలా స్వల్పం కాబట్టి, బరువు మీద ఉన్న యంత్రంలో కాగితం మీది సూక్ష్మత అంతా పని ముక్క మీదకు రాదు.

రెండో హద్దు మరీ చిత్రమైనది. చెక్క మీద త్రీడీ శిల్పం చెక్కేటప్పుడు నిమిషానికి 2,500 మిల్లీమీటర్లని ప్రోగ్రాంలో ఉన్నా యంత్రం సగం వేగం కూడా అందుకోదు, వణుకుతూ పోతున్నట్టు ఉంటుంది. ల్యాప్‌టాప్ పాతదని కొత్తది తెస్తారు, అప్పుడూ అంతే. లెక్క వేసి చూద్దాం. డిజైన్‌ను జీ-కోడ్‌గా మార్చే క్యామ్ సాఫ్ట్‌వేర్ వంపులను 0.05 మిల్లీమీటరు ముక్కలుగా నరికి, ఒక్కో ముక్కకు ఒక వరుస రాస్తుంది. మూడు అక్షాల విలువలున్న వరుసకు దాదాపు 22 అక్షరాలు పడతాయి. 1,15,200 బాడ్ వేగంతో సెకనుకు 11,520 అక్షరాలు వెళ్తాయి, అంటే సుమారు 520 వరుసలు. ఆ ముక్కల పొడవు కలిపితే సెకనుకు 26 మిల్లీమీటర్లు, నిమిషానికి 1,570 మాత్రమే. అంతటితో అయిపోలేదు. జీఆర్‌బీఎల్ ముందుచూపు 16 కదలికల వరకే. తెలిసిన దారి చివర ఆగగలిగేంత వేగంతోనే అది నడుస్తుంది. 16 ముక్కలంటే 0.8 మిల్లీమీటరు. త్వరణం సెకనుకు సెకనుకు 200 మిల్లీమీటర్లు అయితే 0.8 మిల్లీమీటరులో ఆగగలిగే వేగం సెకనుకు 18 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, నిమిషానికి దాదాపు 1,070. కంప్యూటర్ ఎంత గొప్పదైనా ఈ సంఖ్య మారదు. క్యామ్‌లో టాలరెన్స్ కొంచెం సడలించి ముక్కలను పొడవు చేయడం, వంపులను జీ2, జీ3 ఆదేశాలతో ఆర్కులుగా (వృత్తపు ముక్కలుగా) రాయించడం, యంత్రం ఓర్చుకున్నంత మేర త్వరణం పెంచడం, అవీ చాలకపోతే జీఆర్‌బీఎల్‌హాల్, ఫ్లూయిడ్‌ఎన్‌సీ లాంటివి నడిచే 32 బిట్ల బోర్డుకు మారడం దీనికి మందులు. ఆ బోర్డు చాలా ల్యాప్‌టాప్‌ల కంటే ఎన్నో రెట్లు చవక.

ఈ పద్ధతిలో బలహీనమైన లంకె యూఎస్‌బీ తీగ. అసలు బోర్డే కనిపించకపోవడం దగ్గర నుంచి కష్టాలు మొదలవుతాయి. చవక బోర్డుల్లో ఉండే సీహెచ్340 చిప్పును లినక్స్ వెంటనే గుర్తిస్తుంది గాని, అంధులకు బ్రెయిలీ తెరలను నడిపే బీఆర్ఎల్‌టీటీవై అనే సేవ కొన్ని ఉబుంటు విడుదలల్లో దాన్ని తనదనుకుని లాగేసుకుంటుంది. బ్రెయిలీ తెర వాడనివారు ఆ ప్యాకేజీని తీసేస్తే పోర్టు తిరిగి వస్తుంది. పోర్టు కనిపించినా తెరుచుకోకపోతే మన యూజర్ డయలౌట్ గ్రూపులో లేడని అర్థం. విండోస్‌లో అయితే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనే పొదుపు ఏర్పాటును ఆపకపోతే పని మధ్యలో పోర్టు నిద్రపోయే ప్రమాదం ఉంది. ఇవి చిన్న చికాకులు, ఒకసారి సరిచేస్తే మళ్లీ రావు.

తీగ తెగడం వల్ల జరిగేది మాత్రం ఆలోచించవలసిన విషయం. పని మధ్యలో కనెక్షన్ పోతే జీఆర్‌బీఎల్ బఫర్‌లో ఉన్న కదలికలను ముగించి నిలబడిపోతుంది. స్పిండిల్ ఆగదు. చెక్కలో దిగబడిన కట్టర్ ఒకే చోట తిరుగుతూ రాపిడితో కాలడం మొదలవుతుంది. పక్కనే పొట్టు ఉంటుంది, దాన్ని పీల్చే వ్యాక్యూమ్ ఉంటుంది. అందుకే స్పిండిల్ నడుస్తున్న యంత్రాన్ని వదిలి బయటికి వెళ్లకూడదన్న నియమంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ కూడా కంప్యూటర్‌కు సందేశం పంపేది కాకుండా స్పిండిల్‌కూ మోటార్ల డ్రైవర్లకూ వెళ్లే కరెంటును నేరుగా తెంపేదై ఉండాలి. ఇంకో సంగతి: మళ్లీ పోర్టు తెరిచిన క్షణాన ఊనో బోర్డు రీసెట్ అవుతుంది, యంత్రం తానెక్కడుందో మరిచిపోతుంది. యంత్రం తన మూలస్థానాన్ని వెతుక్కునే హోమింగ్ స్విచ్చులు ఉండి, పని సున్నాను (కొలతలు మొదలయ్యే బిందువును) జీ54లో పెట్టుకుని ఉంటే మళ్లీ హోమింగ్ చేసి అక్కడి నుంచే సాగించవచ్చు, ఎందుకంటే జీ54 విలువ శాశ్వత మెమరీలో ఉంటుంది. జీ92తో పెట్టుకున్న సున్నా రీసెట్‌తో పోతుంది. హోమింగ్ స్విచ్చులను ఆర్భాటమని కొట్టిపారేసేవారికి ఈ ఒక్క కారణం చాలు, అవి పెట్టించుకోవడానికి.

ఇక లోపం వెతకడం. యంత్రం తప్పు చెక్కింది, లేదా మధ్యలో ఆగింది. వెంటనే సాఫ్ట్‌వేర్‌ను తీసి మళ్లీ వేయడం, డ్రైవర్లు అప్‌డేట్ చేయడం చేతికి అలవాటైన పని కాబట్టి అక్కడే మొదలుపెడతారు. నేనైతే అదే ఫైలును స్పిండిల్ ఆపి, కట్టర్ గాలిలో ఉండేటట్టు నడిపిస్తాను. అప్పుడూ తప్పితే వెతకవలసింది కంప్యూటర్‌లో, సెట్టింగుల్లో, డ్రైవర్ తీగల్లో. తప్పకపోతే స్పిండిల్ తిప్పుతూ గాలిలోనే మళ్లీ నడపాలి. ఇప్పుడు చెడితే అది విద్యుత్ అలజడి. ఆ తర్వాత పొట్టు పీల్చే వ్యాక్యూమ్ కూడా పెట్టి నడపాలి. ప్లాస్టిక్ గొట్టంలో పొట్టు రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు యూఎస్‌బీని పడగొట్టడం ఈ రంగంలో అందరికీ పరిచయమైన రోగం. వీటన్నిటిలో నెగ్గి, కోతలో మాత్రమే తప్పుతుంటే మోటారుకు బలం చాలడం లేదు, కట్టర్ మొద్దుబారింది, కోత లోతు ఎక్కువైంది, లేదా ఎక్కడో కప్లింగ్ వదులైంది. ఈ వరుసలో నడిపితే కంప్యూటర్ నిర్దోషి అని తేలే సందర్భాలే ఎక్కువ.

విద్యుత్ అలజడి అని తేలినప్పుడు ప్రధాన ముద్దాయి స్పిండిల్ వేగాన్ని మార్చుతూ నడిపే వీఎఫ్‌డీ అనే పెట్టె. దాని నుంచి స్పిండిల్‌కు వెళ్లే తీగ షీల్డ్ ఉన్నదై ఉండాలి, షీల్డ్ భూమికి కలిసి ఉండాలి, స్పిండిల్ లోహపు ఒడలు కూడా ఎర్త్ అయి ఉండాలి. అక్షం చివర యంత్రాన్ని ఆపే లిమిట్ స్విచ్చుల తీగలు ఆ తీగ పక్కనే ఒకే గొట్టంలో నడిస్తే ఎవరూ ముట్టుకోకుండానే హార్డ్ లిమిట్ అలారం మోగుతుంది. తీగలను విడదీయాలి, స్విచ్చులను నార్మల్లీ క్లోజ్‌డ్ పద్ధతిలో (నొక్కనప్పుడు కరెంటు పారేలా) కలపాలి. తీగ తెగినా అదే అలారం వస్తుంది కాబట్టి భద్రత కూడా పెరుగుతుంది. యూఎస్‌బీ తీగ పొట్టిగా, షీల్డ్‌తో ఉండాలి. అయినా లొంగకపోతే యూఎస్‌బీ ఐసొలేటర్ పెట్టి కంప్యూటర్ భూమినీ యంత్రం భూమినీ వేరు చేయాలి.

గాలిలో కూడా తప్పే యంత్రానికి నేను చేసే పరీక్ష డయల్ ఇండికేటర్‌తో. అక్షానికి ఆనించి ముల్లును సున్నాకు తిప్పి, చిన్న చిన్న కదలికలతో వందలసార్లు ముందుకూ వెనక్కూ తిప్పి మళ్లీ సున్నాకు తెచ్చే ప్రోగ్రాం ఒకటి రాసి నడుపుతాను. ఎన్నిసార్లు తిప్పినా తేడా అంతే ఉంటే అది స్క్రూలో ఉన్న ఖాళీ, అంటే బ్యాక్‌లాష్. వేగం పెంచినప్పుడే తేడా వస్తే మోటారుకు బలం చాలడం లేదు, త్వరణం తగ్గించాలి. నెమ్మదిగా నడిపినా, తిప్పిన కొద్దీ తేడా ఒకే వైపు పేరుకుపోతుంటే డైరెక్షన్ సంకేతానికీ స్టెప్ పల్సుకూ మధ్య వ్యవధి చాలడం లేదు, లేదా పల్సు పొలారిటీ తలకిందులైంది. దిశ మారిన ప్రతిసారీ ఒక పల్సు అటుది ఇటు పడుతోంది. ఒక మైక్రోస్టెప్పు అంటే 640 పల్సుల యంత్రంలో 0.0016 మిల్లీమీటరు కూడా కాదు, చతురస్రం కోస్తే కనిపించదు. రాకపోకకు ఒకటి చొప్పున పోయినా వెయ్యి రాకపోకలకు మిల్లీమీటరున్నర దాటుతుంది. త్రీడీ శిల్పంలో జెడ్ అక్షం వేలసార్లు దిశ మారుతుంది, అందుకే పని ముగిసేసరికి ఒక వైపు లోతుగా, ఒక వైపు పైపైన చెక్కినట్టు వస్తుంది. డ్రైవర్ కరపత్రంలో ఈ వ్యవధులు రాసి ఉంటాయి. డీఎం542 రకం డ్రైవర్లకు పల్సు వెడల్పు కనీసం 2.5 మైక్రోసెకన్లు, డైరెక్షన్ 5 మైక్రోసెకన్ల ముందు సిద్ధంగా ఉండాలి. పొలారిటీ మార్చే సెట్టింగు ఒకటి మారిస్తే తీరిపోయే జబ్బుకు మోటార్లు మార్చినవారున్నారు.

ఒక ల్యాప్‌టాప్‌తోనే డిజైనూ, ఇంటర్నెట్టూ, యంత్రం నడపడమూ అన్నీ చేసుకుంటున్నాం, ఏమీ కాలేదు అనేవారున్నారు. జీఆర్‌బీఎల్‌తో పొట్టి పనులు చేసేవారికి అది నిజమే కావచ్చు. నేను మాత్రం యంత్రం పక్కన ఉన్న కంప్యూటర్‌ను యంత్రంలో ఒక భాగంగానే లెక్కిస్తాను. దానికి వేరే పని ఉండకూడదు, నిద్రపోకూడదు, తనంతట తాను అప్‌డేట్ కాకూడదు. జీ-కోడ్ ఫైలును నెట్‌వర్క్ నుంచో పెన్‌డ్రైవ్ నుంచో నేరుగా నడపకుండా దాని సొంత డిస్కులోకి కాపీ చేసి నడపాలి. అప్‌డేట్లు ఆపితే భద్రత మాటేమిటని అడగవచ్చు. ఇంటర్నెట్‌కు కలపకుండా ఉంచడమే దానికి జవాబు. అన్నీ సరిగ్గా నడుస్తున్న రోజున డిస్కు మొత్తాన్ని ఒక ఇమేజ్‌గా తీసి దాచాలి, జీఆర్‌బీఎల్ అయితే $$ కొట్టి వచ్చే సెట్టింగుల జాబితాను కాగితం మీద ముద్రించి డబ్బాకు అంటించాలి. డబ్బా లోపలి సంగతీ మరవకూడదు: ఎండీఎఫ్ పొడి ఫ్యానుల్లో చేరుతుంది, అల్యూమినియం రజనులో కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి మదర్‌బోర్డు మీద పడితే ప్రాణం తీస్తుంది. ఫ్యాను లేని చిన్న కంప్యూటర్, ఎస్ఎస్‌డీ ఇక్కడ నిజంగా పెట్టవలసిన ఖర్చు.

మూడో పద్ధతికి ఎప్పుడు మారాలి? లేత్ మీద మరలు కోయాలంటే స్పిండిల్ తిరుగుడుకూ అక్షం కదలికకూ పొంతన ఉండాలి. దానికి స్పిండిల్‌కు ఎన్‌కోడర్ కావాలి, దాన్ని చదివి కదలికను నడిపించే నియంత్రణ కావాలి. అసలు జీఆర్‌బీఎల్‌లో ఆ సౌకర్యం లేదు. రిజిడ్ ట్యాపింగ్ (స్పిండిల్ తిరుగుడుకు పొంతనగా రంధ్రంలో మరలు కోయడం), ఎన్‌కోడర్‌తో నడిచే సర్వో మోటార్లు, మామూలు నమూనాలో ఇమడని యంత్రాలు కూడా అంతే. అప్పుడు లినక్స్‌సీఎన్‌సీ, ఈథర్‌నెట్ మెసా కార్డు. పల్సులు కార్డు చూసుకుంటుంది కాబట్టి బేస్ థ్రెడ్‌తో పని లేదు, 20 మైక్రోసెకన్ల జిట్టర్ కోసం మదర్‌బోర్డులు వెతకనక్కర్లేదు. ప్రతి మిల్లీసెకనులో ఒకసారి కార్డును చదివి, లెక్కవేసి, తిరిగి రాయగలిగితే చాలు. ఆ కార్డు తీగను స్విచ్చుకో రౌటర్‌కో కలపకుండా కంప్యూటర్ ఈథర్‌నెట్ పోర్టుకు నేరుగా కలపాలి, ఆ పోర్టును వేరే దేనికీ వాడకూడదు. చదవడం ముగియలేదన్న లోపం అప్పుడప్పుడు వచ్చి యంత్రం ఆగిపోతుంటే ముందు పింగ్ చేసి చూడాలి. సమయం నిలకడగా లేకుండా ఎగుడుదిగుడుగా ఉంటే, ముఖ్యంగా ఇంటెల్ నెట్‌వర్క్ చిప్పులున్న కంప్యూటర్లలో, ప్యాకెట్లను గుంపుగా పోగేసి ఒకేసారి అందించే ఇంటరప్ట్ కోలెసింగ్‌ను ఈథ్‌టూల్ అనే లినక్స్ ఆదేశంతో సున్నా చేస్తే చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది.